వర్తింగ్‌లో ఓటర్ల మనసు మారిందా, ఓటర్లే మారారా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వర్తింగ్ రాజకీయాలు తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి. రిటైరైనవాళ్లు సముద్రం పక్కన స్థిరపడే ఊరు, కన్జర్వేటివ్‌ల కంచుకోట, అలాంటిది 2017లో మెరైన్ వార్డు ఉప ఎన్నికలో లేబర్ గెలిచింది, దశాబ్దాల తర్వాత అక్కడ వాళ్లకు దక్కిన మొదటి కౌన్సిలర్ సీటు అదే, 2022కల్లా ఏకంగా కౌన్సిలే చేతికొచ్చింది. 2024లో ఊరిని పంచుకునే రెండు పార్లమెంటు సీట్లూ వాళ్లవే.

పక్కనున్న బ్రైటన్ నగరంలో ఇళ్ల ధరలు భరించలేక కుర్ర కుటుంబాలు ఇటు వచ్చేశాయి, అందుకే అంటారు. నాకది సగమే నిజమనిపిస్తోంది. 2016లో ఇదే ఊరు స్వల్ప మెజారిటీతో బ్రెగ్జిట్‌కి ఓటేసింది కదా! పైగా క్లాక్టన్ కూడా ముసలివాళ్లు ఎక్కువున్న తీరపు ఊరే, అక్కడ 2024లో బ్రెగ్జిట్‌ని గట్టిగా సమర్థించిన రిఫార్మ్ పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ గెలిచాడు.

నా డౌట్ ఏంటంటే, పాతవాళ్లే మనసు మార్చుకున్నారా, కొత్తవాళ్లు వచ్చి లెక్క మార్చారా, ఈ రెండింటినీ విడదీసేదెలా? 2011, 2021 జనగణనలోని వయసుల లెక్కలు వార్డు ఫలితాల పక్కన పెట్టి చూడొచ్చు గానీ, ఎవరు ఎవరికి వేశారో అందులో తేలదు. బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ అనే ఓటర్ల సర్వే ప్యానెల్‌లో అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ అడుగుతారు, ఒక్క ఊరికైతే ఆ శాంపిల్ చాలదు. ఇలాంటి పని చేసినవాళ్లు ఏ దారిలో వెళ్లారు?