నిమ్మ తోటలో సాళ్ల మధ్య గడ్డి ఉంచాలా, దున్నేయాలా? (పొదలకూరు వైపు)

నిమ్మపూత | ఆదివారం ఉదయం 7:10

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర మాకు ఐదెకరాల నిమ్మ ఉంది. చెట్లకు పదకొండేళ్లు, ఇరవై అడుగుల దూరం. పోయిన నెల వేరే పని మీద నాసిక్ వెళ్లి, పనిలో పనిగా రెండు ద్రాక్ష తోటలు చూసి వచ్చాను. సాళ్ల మధ్య దున్నిన జాడే లేదు. ఒకచోట గడ్డిని మడమ ఎత్తున కోసి అక్కడే పడేశారు. ఇంకోచోట తీగల మొదళ్ల దగ్గర చెరకు పిప్పి పరిచారు. దాన్ని పక్కకు తోసి చూస్తే కింద మట్టి చల్లగా ఉంది, వానపాములున్నాయి. ఇంటికొచ్చాక మా తోటలో పార వేసి చూశాను. గొర్రు పోయే లోతు వరకు పిండిలాగా ఉంది, దాని కింద పార దిగలేదు.

ఏడాదికి ఆరేడు సార్లు దున్నుతున్నారు. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.31 శాతం వచ్చింది. ఒక ఇరవై చెట్లకు ఒక పక్క కొమ్మలు ఎండిపోతున్నాయి. దున్నకం ఆపి, గడ్డి కోసి పడేయడం మన నిమ్మకు పనికొస్తుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

గుంటకరాయుడు | 7:42

పనికిరాదు. నాసిక్ నాసిక్కే, పొదలకూరు పొదలకూరే. మా ఊళ్లో ఎవరి తోటలోనైనా గడ్డి పెరిగితే, ఆ రైతు ఉన్నాడా పోయాడా అని అడుగుతారు.

ఒంగోలు గిత్త | 7:50

ఉంటాడు. హైదరాబాద్‌లో.

సైదాపురం తోట | 8:05

గడ్డి ఉంచితే పాముల సంగతేందన్నా? పోయిన కార్తీకంలో మా తోటలో కాయ ఏరుతుంటే కూలామె కాలి పక్కనే రక్తపింజరి. తొక్కలేదు గాబట్టి సరిపోయింది.

మట్టిపరీక్ష | 9:30

నిమ్మపూత గారూ, ఒకే లోతులో మళ్లీ మళ్లీ గొర్రు గానీ రోటావేటర్ గానీ తిప్పితే దాని కింద గట్టి పొర కడుతుంది. మీకు పార దిగనిది అక్కడే. నిమ్మ, బత్తాయి చెట్లకు ఆహారం లాగే పీచు వేర్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నరలోనే ఉంటాయి. దున్నిన ప్రతిసారీ వాటినే కోస్తున్నాం. తెగిన వేరులో ఫ్యుజేరియం శిలీంధ్రం చేరితే ఎండు వేరుకుళ్లు వస్తుంది. ఒక పక్క కొమ్మలు ఎండటం చాలాసార్లు అక్కడినుంచే మొదలవుతుంది. ఎండిన పక్కన వేరు తవ్వి చూడండి.

కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క, 0.75 దాటితే ఎక్కువ. మన ఎండకు ఎర్ర నేలను తిరగేసినకొద్దీ ఉన్న కాస్తా పోతుంది. సాళ్ల మధ్య ఎకరాకు పది పన్నెండు కిలోల జనుము చల్లి, పూతకు రాగానే కోసి పడేస్తే నేలకు తిండి పెట్టినట్టే. కానీ చెట్టు మొదలు చుట్టూ గడ్డీ ఉండకూడదు, తడీ నిలవకూడదు. నిలిస్తే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల బంక కారే తెగులు వస్తుంది.

గుంటకరాయుడు | 9:48

సార్, బాగా చదువుకున్నారు. నాకొక్కటి చెప్పండి. ద్రాక్ష గుత్తి పందిరికి వేలాడుతుంది, కత్తెరతో కోస్తారు. నిమ్మ పండుకాయ నేల మీద రాలుతుంది. మోకాటి ఎత్తు జనుములో పండుకాయ ఏరేదెట్టా? ఏరేవాళ్లు రోజు కూలీకి వస్తారు. గడ్డిలో వెతుక్కుంటూ కూర్చుంటే బస్తా నిండేది సాయంత్రానికి. మార్కెట్ ఉదయమే.

మట్టిపరీక్ష | 10:02

అందుకే కోసి పడేయమన్నాను. మోకాటి ఎత్తు ఉంచమనలేదు.

గుంటకరాయుడు | 10:05

పడేసిన గడ్డి కింద కూడా కాయ కనపడదు.

మట్టిపరీక్ష | 10:09

పచ్చని గడ్డి మీద పసుపు కాయ కనపడదా?

గుంటకరాయుడు | 10:11

కోసిన గడ్డి రెండు రోజులకు ఎండి పసుపే అవుతుంది సార్. మీరు కాయ ఏరారా ఎప్పుడైనా?

రాపూరు కుర్రోడు | 10:40

ఇంత గొడవెందుకన్నా. గడ్డి మందు కొట్టేయండి. దున్నే పని లేదు, కోసే పని లేదు.

మట్టిపరీక్ష | 10:52

2022 అక్టోబరులోనే కేంద్రం గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. అది పక్కన పెట్టినా, లేత బెరడు మీద, కింది కొమ్మల ఆకుల మీద పడితే చెట్టుకే దెబ్బ. నేల బోడిగా మిగులుతుంది, మొదటి వానకు పై మట్టి కొట్టుకుపోతుంది. దున్నకం మానేసి సాధించింది ఏముంది?

కనిగిరి బత్తాయి | 11:30

నేను చెప్తాను, మూడున్నర ఎకరాల బత్తాయిలో నాలుగేళ్లుగా చేస్తున్నాను. మొదటి ఏడు బుద్ధి వచ్చింది.

ఎవరో చెప్పారని దున్నకం పూర్తిగా ఆపేశాను. అక్టోబరు నుంచి వానలు పడ్డాయి, గడ్డి బాగా లేచింది, తోట చూడటానికి ముచ్చటగా ఉంది. ఫిబ్రవరి దాకా అలాగే వదిలేశాను. మార్చికి బోరు గంట కూడా పోయలేదు. ఉన్న తడంతా గడ్డి తాగేసింది. ఆకులు వడలి, పిందె రాలింది. మా ఆవిడ రెండు నెలలు ఆ మాటే ఎత్తింది.

రెండో ఏడు నుంచి లెక్క మార్చాను. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ మూడు నెలలు గడ్డి తాగినా చెట్టుకు లోటు లేదు, పైగా మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది. సంక్రాంతికి ముందే బ్రష్ కట్టర్‌తో నేలకంటా కోసి చెట్ల మధ్య పరిచేస్తాను. వేసవిలో అది దుప్పటి. దున్నేది పాదుల వెలుపల, మధ్య సాలులో ఒక్కసారి, అదీ పైపైన.

ఏ గడ్డి పడితే అది ఉంచకూడదు. తుంగ, గరిక ఉంటే మర్యాద చేయొద్దు, అవి తోటను తినేస్తాయి. వయ్యారిభామ పూతకు రాకముందే పీకాలి. నేను జనుము, పిల్లిపెసర చల్లుతాను. అవి దట్టంగా లేస్తే తుంగ కూడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పాముల గురించి అడిగిన అన్నకు: మాకూ కనపడతాయి. కోతకు ముందు రోజు సాళ్లు కోసేస్తాం, కూలీలకు గమ్ బూట్లు కొన్నాను. మొదట్లో నవ్వారు, ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు.

గుంటకరాయుడు | 11:58

కనిగిరి అన్నా, బత్తాయి ఏడాదికి ఒకటి రెండు కోతలు. నిమ్మ ఏడాదంతా కాస్తుంది, పూత, పిందె, కాయ మూడూ ఒకే కొమ్మ మీద. వారానికి రెండు మూడు సార్లు ఏరాలి. కోతకు ముందు రోజల్లా గడ్డి కోస్తే బ్రష్ కట్టర్ పెట్రోలుకే కాయ సరిపోతుంది.

ఆ ద్రాక్షను కూడా దీంతో పోల్చొద్దు. అక్కడ ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఎప్పుడేం చేయాలో క్యాలెండర్ చూసి చేస్తారు. చాలా తోటల్లో డాగ్‌రిడ్జ్ అనే వేరే రకం ద్రాక్ష వేరు మీద అంటు కట్టిన తీగలు. మా నిమ్మ గింజ మొక్క.

మట్టిపరీక్ష | 12:10

ఈ మాట మాత్రం నూటికి నూరు నిజం. నిమ్మకు కోత తీరు వేరే, ఒప్పుకుంటాను. చెట్టు నీడ పడే మేర శుభ్రంగా ఉంచి, మధ్య సాలులోనే పచ్చిరొట్ట వేస్తే? రాలేది నీడలోనే కదా.

గుంటకరాయుడు | 12:14

పదకొండేళ్ల తోటలో నీడ కాని చోటు ఎంతుంటుంది సార్?

ఉలవపాడు కాయ | 12:30

మా మామిడిలో గొర్రెల మంద పెట్టిస్తాం. గడ్డీ పోతుంది, ఎరువూ పడుతుంది. నిమ్మలో పెడితే చెట్టు కూడా పోతుంది, అది వేరే సంగతి.

ఒంగోలు గిత్త | 12:33

ఉలవపాడు వాళ్లు ప్రకాశం తరఫునా నెల్లూరు తరఫునా, ముందది తేల్చండి.

ఉలవపాడు కాయ | 12:35

2022లో నెల్లూరులో కలిపారు. మా మామిడికి ఎవరూ చెప్పలేదు.

నిమ్మపూత | 2:20

కనిగిరి అన్నకు థ్యాంక్స్, సంక్రాంతి లెక్క నాకు నచ్చింది. గుంటకరాయుడు గారూ, కాయ ఏరడం కష్టమే. కానీ చెట్టే ఎండిపోతుంటే ఏరడానికి ఏముంటుంది? 0.31 కర్బనం అంటే మట్టి చచ్చిపోయినట్టే కదా.

గుంటకరాయుడు | 2:31

ఆ కాగితాన్ని నమ్మకండి. మా కయ్యలోకి ఎవరూ అడుగు పెట్టకుండానే నాకొకసారి మట్టి కార్డు వచ్చింది. అందులో నాది నల్లరేగడి అని ఉంది. ఎర్రనేల అని మా బర్రెకు కూడా తెలుసు.

నిమ్మపూత | 2:40

నేనే స్వయంగా ఎనిమిది చోట్ల తవ్వి, కలిపి, ఎండబెట్టి ఇచ్చానండి. మీకు జరిగింది నాకూ జరిగిందని ఎందుకు అనుకోవాలి? ఏం చెప్పినా కాదంటున్నారు. తరతరాలుగా దున్నాం కాబట్టి దున్నాలి, అంతేనా? మీలాంటి పట్టుదల వల్లే నేలలు ఇట్టా అయ్యాయి.

గుంటకరాయుడు | 2:58

సరే. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పొద్దున మీరు రాసింది మళ్లీ చదివాను. "ఏడాదికి ఆరేడు సార్లు దున్నుతున్నారు" అన్నారు. దున్నుతున్నాను అనలేదు. ఎవరండీ ఆ దున్నేది?

నిమ్మపూత | 3:25

తోట కౌలుకు ఇచ్చాం. మూడేళ్లకు మాట, ఇది రెండో ఏడు. అందులో తప్పేముంది? భూమి మాది, నేల పాడైపోతుంటే అడగకూడదా? జనుము చల్లమని అతనికి ఫోన్ చేసి చెప్పాను. నవ్వి, చూద్దాం సార్ అన్నాడు.

ఒంగోలు గిత్త | 3:26

పొద్దున నేనేం చెప్పాను?

గుంటకరాయుడు | 3:51

నవ్వడా మరి.

నాకు సొంతం రెండెకరాలు, కౌలు ఆరు. 2019లో చేజర్ల వైపు నాలుగెకరాల నిమ్మ పట్టాను. చెట్లు చూస్తే ఏడుపొచ్చేది. చెరువు మట్టి నలభై ట్రాక్టర్లు తోలాను. పశువుల ఎరువు తెచ్చి, వేపపిండి కలిపి, చెట్టు చెట్టుకూ పాదు చేశాను. మీ జనుము కూడా వేశాను సార్, తెలియక మాట్లాడటం లేదు. రెండేళ్లు కాయ అంతంత మాత్రమే. మూడో ఏడు చెట్టు తిరిగింది. 2022 వేసవి గుర్తుందా, నిమ్మకాయ ధర దేశమంతా టీవీలో వచ్చింది. ఆ ఏప్రిల్‌లో తోట యజమాని వచ్చి, చెట్టు చూసి, తోట బాగా వచ్చిందే అన్నాడు. మే నెలలో కౌలు దాదాపు రెట్టింపు అడిగాడు. నేను కట్టలేనన్నాను. ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ మట్టి మోసింది నేను. దాని కాయ కోసుకుంది వేరేవాళ్లు.

అప్పటినుంచి కౌలు తోటలో దున్నుతాను. దున్నితే ఆ ఏడు చెట్టు పచ్చగా ఉంటుంది, కాయ వస్తుంది. నాలుగో ఏడు నేల ఏమవుతుందో నాకెందుకు? అప్పుడు నేను ఉండను కదా. నా రెండెకరాల్లో దున్ననండీ. ఏడేళ్లయింది గొర్రు పెట్టి.

సైదాపురం తోట | 3:55

అన్నా, మరి ఇంతసేపూ గడ్డి పనికిరాదని వాదించావే!

గుంటకరాయుడు | 3:58

సొంత తోటలో కాయ మా ఆవిడ, నేను ఏరుకుంటాం. దొరక్కపోతే మా కాయే పోతుంది.

మట్టిపరీక్ష | 4:15

దున్నిన ఏడు చెట్టు పచ్చబడటం నిజమే. మట్టికి గాలి తగిలి, ఉన్న సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లి నత్రజని వదులుతుంది. దాచిన సొమ్ము తీసి ఖర్చు పెట్టినట్టు. ఈ వాదన పొద్దుటి నుంచి ఇట్టా నడవాల్సింది. నేను వేర్ల గురించి చెప్తూ కూర్చున్నాను.

నిమ్మపూత | 4:40

మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ ఆ యజమాని నేను కాదు. నేను కౌలు పెంచలేదు.

గుంటకరాయుడు | 4:44

ఇంకా మూడేళ్లు నిండలేదు కదండీ.

కనిగిరి బత్తాయి | 5:05

నిమ్మపూత గారూ, అతనికి సాగుదారు కార్డుకైనా సంతకం పెట్టారా? 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం యజమాని సంతకం ఉంటేనే కౌలు రైతుకు ఆ పత్రం ఇస్తారు, పంట రుణం, బీమా దానిమీదే. మీ హక్కుకు దానివల్ల ఏమీ కాదు.

నిమ్మపూత | 5:30

పెట్టలేదు. ఇచ్చేటప్పుడు మా నాన్న వద్దన్నారు. సంతకం పెడితే పొలం పోతుందని ఆయన భయం.

గుంటకరాయుడు | 5:41

ఆ కాగితం కూడా పదకొండు నెలలదే. పదకొండు నెలల కాగితం చేతిలో పెట్టి, పదకొండేళ్ల చెట్టు వేరు కాపాడమంటారు.

నిమ్మపూత | 8:50

మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను. మా నాన్నతో కూడా మాట్లాడాను, ఆయన కాస్త మెత్తబడ్డారు. ఏడేళ్లకు, కౌలు ఎంత పెరగాలో ముందే రాసుకుని ఇస్తే అతను దున్నకం ఆపుతాడా? గుంటకరాయుడు గారూ, మీరైతే?

గుంటకరాయుడు | 9:04

జనుము విత్తనం డబ్బు ఎవరిది?

నిమ్మపూత | 9:06

చెరి సగం.

గుంటకరాయుడు | 9:07

మట్టి మీది. విత్తనం మీదే.

నిమ్మపూత | 9:10

కాయ అతనిది కదండీ. సగం.

గుంటకరాయుడు | 9:12

మొదటి రెండేళ్లు మీది, తర్వాత సగం. కోత కూలీ పెరుగుతుంది కాబట్టి ఆ రెండేళ్లూ కౌలులో కొంత తగ్గించాలి. అట్టయితే నేనైనా ఆపుతాను. ఆ ఇరవై చెట్ల సంగతి ముందు చూడండి. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, తడి చల్లి, గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు నీడలో పెట్టమనండి. పాదుల్లో వేసేటప్పుడు తడి ఉండాలి.

నిమ్మపూత | 9:20

శనివారం బస్సుకు వెళ్తున్నాను. వేపపిండి, ట్రైకోడెర్మా నేనే కొని తీసుకెళ్తాను.

గుంటకరాయుడు | 9:22

కారులో పోండి. ఆ వేపపిండి వాసనకు కండక్టర్ ఊరు దాటకముందే దించేస్తాడు.