పగ లేని ప్రతినాయకుడు ఎందుకు భయపెడతాడు?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
నేను ఒక విజ్ఞాన కల్పన కథ రాస్తున్నాను. కరువు కాలంలో నలభై ఊళ్ల చెరువులకు నీళ్లు పంచే యంత్రమే అందులో ప్రతినాయకుడు. మొత్తం పంట నష్టం తగ్గుతుందని లెక్క తేలగానే అది మూడు ఊళ్ల తూములు మూసేస్తుంది. ఆ ఊళ్ల మీద దానికి కోపమూ లేదు, జాలీ లేదు. అయితే చిత్తుప్రతి చదివిన మిత్రులు, పాత అవమానమో అధికార దాహమో పెట్టకపోతే పాఠకుడికి భయం కలగదంటున్నారు. అటువంటి కారణాన్ని కల్పించడం నాకు ఇష్టం లేదు. మంచిచెడుల పట్టింపే లేని పాత్ర దేని బలంతో నిలబడుతుందో పెద్దలు చెప్పగలరా?

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి):
దయచేసి పగ పెట్టకండి. పగబట్టినవాడిని బతిమాలుకోవచ్చు, కులపెద్దలతో చెప్పించవచ్చు, చివరికి కాళ్లు పట్టుకోవచ్చు. మా ఊరి నీరడితో, అంటే చెరువు నీళ్లు పంచే మనిషితో, కట్ట మీద కొట్లాడిన రైతుకు కూడా మర్నాడు ఒక గంట నీళ్లు ఎక్కువ దొరికేవి. మీ యంత్రం దగ్గర ఆ దారులేవీ లేవు, భయమంతా అక్కడే ఉంది. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రంలో హాల్ 9000 అనే కంప్యూటర్, నిద్రాణస్థితిలో ఉన్న ముగ్గురు వ్యోమగాములను చంపిన తరువాత, బయట ఉన్న మరో వ్యోమగామికి తలుపు తెరవడానికి నిరాకరించేటప్పుడు కూడా గొంతు పెంచదు.

సమాధానం (మర్రిగూడ మండలం నుంచి):
మహబూబ్‌నగర్ మిత్రులు చెప్పింది నిజమే కానీ, నెమ్మదైన గొంతు ఇప్పటికి చాలా కథల్లో అరిగిపోయింది. నా దృష్టిలో అసలు కావలసింది శ్రద్ధ. హెచ్.జి. వెల్స్ 1898 నాటి నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ ఆరంభంలో, నీటిబొట్టులోని క్రిములను సూక్ష్మదర్శినిలో చూసినంత నిశితంగా అంగారక జీవులు మనల్ని గమనిస్తుంటాయి. నా చిన్నతనంలో నీళ్ల పరీక్షకు మా ఊరికి ఒకాయన వచ్చారు. బోరింగు నీళ్లు సీసాలో పట్టి, ఎముకలను వంచే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందని పుస్తకంలో రాసుకున్నారు. పక్కనే నిలబడిన మా పెద్దనాన్న కొడుకు వంగిన కాళ్ల మధ్య ఎడాన్ని కూడా టేపుతో కొలిచి, అదీ రాసుకున్నారు. నొప్పి ఉందా అని అడగలేదు, తల ఎత్తి అతని ముఖం చూడలేదు. ఆయన చెడ్డవారని నేను ఈనాటికీ అనను. కానీ విజ్ఞాన కల్పనలో ఇటువంటి పాత్ర ఎదురైనప్పుడల్లా నాకు ఆ టేపే గుర్తుకొస్తుంది.

సమాధానం (సూర్యాపేట నుంచి):
ఒక్క మాట. యంత్రం లెక్క తప్పు కాకూడదు. తప్పైతే అది మరమ్మతు కథ అవుతుంది. ఆ మూడు ఊళ్లు ఎండితేనే మిగతా ముప్పై ఏడు ఊళ్లు గట్టెక్కుతాయని పాఠకుడు కూడా ఒప్పుకోవలసి రావాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నీరడిని కథలోకి తెస్తున్నాను. మూసిన తూము దగ్గర నిలబడి అతడు తన ఊరివాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెబుతాడు. యంత్రం ఓపికగా విని, ఒక్కటీ పోకుండా నమోదు చేసుకుంటుంది, అతడు మరిచిపోయిన రెండు పేర్లను గుర్తుచేస్తుంది కూడా. తూము మాత్రం తెరుచుకోదు.