గ్రాంట్ ప్రపోజల్‌లో ఎవరి టైమ్ ఎంత వెయ్యాలి?

ప్రశ్న:
ఎన్ఐహెచ్‌కి (వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) మూడేళ్ల ప్రాజెక్టు రాస్తున్నాం. బడ్జెట్‌లో స్టాఫ్ టైమ్ దగ్గర ఆగిపోయాను. మా పీఐ (ప్రాజెక్టుని నడిపే ముఖ్య పరిశోధకుడు) గారిది వేసవి కలవని 9 నెలల అపాయింట్‌మెంట్, "నాకో 20 శాతం వేసెయ్" అన్నారు. డేటా మేనేజర్‌కేమో "అవసరమైనప్పుడు" అని రాయమన్నారు. ఫారంలో చూస్తే పర్సన్ మంత్స్, అంటే ఒక్కొక్కరు ఏడాదిలో ఎన్ని నెలల పని పెడతారో, అడుగుతోంది. ఎలా మార్చాలి?

జవాబు 1:
20 శాతం అంటే దేనిలో 20 శాతం? 12 నెలల ఉద్యోగం అయితే 2.4 క్యాలెండర్ నెలలు, 9 నెలలది అయితే 1.8 అకడమిక్ నెలలు. వేసవిలో కూడా పనిచేస్తే అది సమ్మర్ గడిలో విడిగా వెయ్యాలి. ఇక "అవసరమైనప్పుడు" అనేది కీ పర్సనల్‌కి (ప్రాజెక్టులో ముఖ్యులుగా పేరు రాసినవాళ్లకి) అస్సలు చెల్లదు, మిగతావాళ్లకి కూడా నెలలు వెయ్యకపోతే జీతం దేని మీద లెక్క కడతారు?

జవాబు 2:
పై లెక్క సరే గానీ అసలు ఆ 20 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన్ని అడగండి, చాలామంది డబ్బు ఎంత మిగిలిందో చూసి దానికి తగ్గట్టు శాతం వేస్తారు, రివ్యూయర్లకి అది ఇట్టే తెలిసిపోతుంది. పనులు రాసుకుని అక్కణ్ణుంచి రండి. మీ డేటా మేనేజర్ మొదటి ఏడాది ఫారాలు తయారు చేసి డేటాబేస్ కట్టి టెస్ట్ చెయ్యాలి, దానికి 3 నెలలు అనుకోండి. రెండో ఏడాది వచ్చిన డేటా చూసుకోవడమే, 1 నెల చాలు. చివర్లో క్లీనింగ్, షేరింగ్, 2 నెలలు. మూడేళ్లకీ ఒకే అంకె కాపీ కొట్టకండి. బడ్జెట్ ఎందుకో చెప్పే జస్టిఫికేషన్‌లో కూడా ఈ పనులే రాస్తే సరిపోతుంది.

జవాబు 3:
గ్రాంట్ వచ్చాక చూసుకుందాం అనుకోవద్దు. అవార్డు నోటీసులో (గ్రాంట్ వచ్చిందని ఎన్ఐహెచ్ పంపే పత్రం) పేరున్న వ్యక్తి టైమ్ 25 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గాలంటే ముందే ఎన్ఐహెచ్ అనుమతి కావాలి. తగ్గుదల లెక్క ఒప్పుకున్న దాని మీదే, అంటే 2.4 నెలలు 1.8కి దిగితే చాలు, అనుమతి అడగాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. ఇంకో టెన్షన్, పీఐ గారికి వేరే గ్రాంట్లు ఉన్నాయి, ఇంకో రెండు ప్రపోజల్స్ పెండింగ్‌లో ఉన్నాయి. అన్నీ కలిపితే 12 నెలలు దాటిపోతోంది.

జవాబు 1:
పెండింగ్‌వి కలిపితే దాటడం మామూలే, అన్నీ రావు కదా. వచ్చినవి మాత్రం పాఠాలు, ఆఫీసు పనులతో కలిపి 12లోపే ఉండాలి. ఇది వస్తే ఎక్కడ తగ్గిస్తారో అదర్ సపోర్ట్ (ఆయనకున్న మిగతా గ్రాంట్ల వివరాలు) అడిగినప్పుడు చెప్పాలి, కాబట్టి అది ఇప్పుడే ఆయనతో తేల్చుకోండి. జీతం తగ్గించి చూపిద్దాం, టైమ్ మాత్రం ఎక్కువ రాద్దాం అంటే ఒప్పుకోకండి, ఆ తేడా మీ సంస్థ నెత్తిన కాస్ట్ షేరింగ్‌గా, అంటే తన డబ్బుతో భరించాల్సిన ఖర్చుగా, పడుతుంది.