పిల్లలకు పగడపు దిబ్బలు చూపించాలంటే బోటు మొత్తం మాట్లాడుకోవాలా, అందరితో కలిసి వెళ్లాలా?

మియాపూర్ అమ్మ

సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్తున్నాం. శంషాబాద్ నుంచి ఫ్లైట్ టికెట్లు తీసేసుకున్నాం. మేమిద్దరం, మా అత్తయ్య, ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. బాబుకి చేపల పిచ్చి. జూపార్క్‌కి తీసుకెళ్తే పులి దగ్గర రెండు నిమిషాలు, అక్వేరియంలో గంట. వాడికి పగడపు దిబ్బల్ని అద్దంలోంచి కాకుండా సముద్రంలోనే చూపించాలని నాకెప్పట్నుంచో ఉంది.

ఇంట్లో పేచీ ఒక్కటే. సగం రోజుకి బోటు మొత్తం మాకే మాట్లాడుకుంటే, అయిదుగురి టికెట్ల మీద దాదాపు నాలుగింతలు అవుతోంది. "సముద్రం అందరికీ ఒకటే, డబ్బు చూసి చేపలు రావు" అంటారు మా వారు. పిల్లలతో అయితే ప్రైవేటే నయం అంటుంది మా అక్క. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఆ డబ్బుకి నిజంగా ఫలితం ఉంటుందా?

నిజాంపేట నాన్న

ఉంటుందండీ. మా అనుభవం చెప్తాను, మీరే తేల్చుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మా పాపకి అయిదేళ్లు. అడుగున అద్దం ఉన్న బోటు, ఇరవై మంది దాకా ఎక్కారు. రెండు వైపులా బెంచీలు, మధ్యలో అద్దం. బోటు ఆగగానే పెద్దవాళ్లంతా ఫోన్లు పట్టుకుని వంగారు. పాపకి కనిపించింది వాళ్ల వీపులే. ఎలాగో సందు చేసి ముందుకి తోశాను. ఊగుతున్న బోటులో తల వంచి అద్దంలోంచి కిందికి చూస్తూ ఉంటే రెండు నిమిషాల్లో మొహం పాలిపోయింది. నా దోసిట్లోనే వాంతి చేసుకుంది. "వెనక్కి తిప్పుతారా" అని అడిగితే బోటతను పాపం మంచివాడే, మిగతావాళ్ల వైపు చూశాడు. వాళ్లూ డబ్బు కట్టారు కదా. ఇంకో ఇరవై నిమిషాలు అలాగే గడిపాం. ఆ తర్వాత రెండు రోజులు పిల్ల బీచ్ మీద కూడా నా చెయ్యి వదల్లేదు.

పోయినేడు మళ్లీ వెళ్లాం. ఈసారి మేం నలుగురమే, ఒక డుంగీ మాట్లాడుకున్నాం. అక్కడ చిన్న మోటారు పడవల్ని అలాగే అంటారు. లోతు తక్కువగా ఉన్న చోట అతను ఇంజన్ ఆపేశాడు. పాప బోర్లా పడుకుని, గడ్డం పడవ అంచుకి ఆనించి చూస్తూ ఉండిపోయింది. నేను కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. కింద ఒక సీ అనెమోన్, అడుగున అతుక్కుని ఉండే సముద్రపు జీవి, వేళ్ల కుచ్చులా మెల్లగా ఊగుతోంది. దాన్లోంచి నారింజ రంగు క్లౌన్‌ఫిష్ బయటికొస్తుంది, లోపలికి దూరుతుంది. పాప లెక్క పెట్టింది, ముప్ఫై ఒక్కసార్లు. అరగంట పైనే ఆ ఒక్క చేపనే చూసింది. ఇంకో చోటికి వెళ్దామంటే వద్దంది. అందరితో కలిసి వెళ్లే బోటులో అది కుదిరే పనేనా?

ఆ డబ్బుతో మనం కొనేది బోటుని కాదండీ. "ఇక్కడే ఆపండి", "ఇక చాలు, వెనక్కి పోదాం" అనగలిగే వీలుని కొనుక్కుంటున్నాం. చిన్నపిల్లలు ఉన్నప్పుడు దానికి విలువ చాలా ఉంది.

ఉప్పల్ ఈత మాస్టారు

ప్రైవేటా కాదా అన్నది తర్వాత. పాపకి సరిపోయే లైఫ్ జాకెట్ ఆ బోటులో ఉందా? ముందు అది అడగండమ్మా.

2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర టూరిస్టు బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కాల్సినదానికంటే చాలా ఎక్కువ మందిని ఎక్కించారు. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో, కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగింది. అందులో హైదరాబాద్, వరంగల్ వాళ్లు ఎంతమందో. ఆ వారం నా దగ్గర ఈత నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఒక్కరూ మామూలుగా మాట్లాడలేదు. బోటు పెద్దదైనా చిన్నదైనా నీళ్లు నీళ్లే.

పెద్దవాళ్ల జాకెట్ పిల్లకి తొడిగి, తాళ్లు బిగించి "సరిపోయింది" అంటారు. నీళ్లలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. ఒడ్డునే చూసుకోవచ్చు. జాకెట్ తొడిగి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వచ్చిందంటే అది పాపది కాదు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. అక్కడ దొరుకుతుందిలే అనుకోవద్దు. హైదరాబాద్‌లోనే స్పోర్ట్స్ సామాను అమ్మే పెద్ద షాపులో కొని, పట్టుకెళ్లండి.

మలక్‌పేట టీచర్

నేను స్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. నిజాంపేట నాన్నగారి పాప చూసిన చేప గురించి చదువుతుంటే సంతోషం వేసింది. అయినా ప్రైవేట్ బోటు మంచిదంటే ఒప్పుకోలేను.

పగడపు దిబ్బ రాయి కాదు. పాలిప్ అనే చిన్న చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. కొమ్మల్లా పెరిగే పగడాలు చాలావరకు ఏడాదికి 10 సెంటీమీటర్లు మించి పెరగవు. గుండ్రాయిలా ఉండేవైతే చాలావాటికి ఏడాదికి ఒక సెంటీమీటరే ఎక్కువ. మన బోటతను "ఇక్కడ బాగుంది" అని లంగరు జారవిడిస్తే, మా బామ్మ పుట్టినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన పగడం ఒక్క దెబ్బతో విరగొచ్చు. ఇరవై మందికి ఒక బోటు పోతే ఒక లంగరు. ఆ ఇరవై మందీ అయిదు కుటుంబాలుగా విడిపోయి పోతే అయిదు లంగర్లు, అయిదు ఇంజన్లు. ఎవరికి నచ్చిన చోట వాళ్లు ఆపుతారు.

అవి ఇప్పటికే చాలా దెబ్బలు తిన్నాయి. పాలిప్ ఒంట్లో ఉండే నాచు లాంటి సూక్ష్మజీవులే దానికి తిండి పెడతాయి, రంగు ఇస్తాయి. వేసవిలో మామూలుగా ఉండే వేడికంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పాలిప్ వాటిని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. అండమాన్‌లో 2010లో, 2016లో అలా జరిగింది. ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఇలాంటప్పుడు మన పిల్లల సరదా కోసం ఇంకాస్త భారం పెట్టడం నాకు నచ్చదు.

పోర్ట్ బ్లెయిర్ దగ్గర్లోని వండూర్‌లో మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ ఉంది, 1983లో పెట్టారు. అందులో జాలీ బాయ్ దీవికి పర్మిట్ తీసుకుని, అందరితో కలిసి వెళ్లండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. పిల్లలకి అదే ఒక పాఠం.

నిజాంపేట నాన్న

టీచర్‌గారూ, లంగరు సంగతి నిజం. నేను అడగలేదు, అడగాల్సింది. కానీ కలిసి వెళ్లే బోట్లు పగడాలకి మేలు చేస్తున్నాయన్న మాట మాత్రం ఒప్పుకోను. మా మొదటి ట్రిప్పులో చేపలు పైకి రావాలని బోటతను బ్రెడ్ ముక్కలు విసిరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లోతు తక్కువగా ఉన్న చోట ఇద్దరు ముగ్గురు కాళ్లు ఆనించి పగడాల మీదే నిలబడ్డారు. ఒకాయన ఒక ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరికి చెప్పను? రెండోసారి మా బోటతనికి ముందే చెప్పాను, బ్రెడ్ వద్దు, ఎవరూ కాలు కింద పెట్టం అని. అతనికీ అదే నచ్చింది. మనం నలుగురమే ఉంటే మన మాట నిలుస్తుంది.

మలక్‌పేట టీచర్

జేబులో వేసుకున్నాడా! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలు పులి ఉన్న షెడ్యూల్‌లోనే ఉన్నాయండీ. చచ్చిన ముక్క అయినా తీసుకోకూడదు. ఎయిర్‌పోర్టులో దొరికితే కేసే.

మీరు చెప్పినట్టు జాగ్రత్తగా ఉండే కుటుంబాలు ఉంటాయి, కాదనను. ప్రైవేట్ బోటు మాట్లాడుకునే ప్రతి ఒక్కరూ మీలా ఉంటారా అన్నదే నా భయం. డబ్బు ఎక్కువ కట్టినవాళ్లు "దగ్గరికి పోనివ్వు, ఇంకా దగ్గరికి" అంటే బోటతను కాదనగలడా? నలుగురు చూస్తూ ఉన్నప్పుడు మనుషులు కాస్త అదుపులో ఉంటారు.

సైనిక్‌పురి అమ్మమ్మ

మీ మాటలన్నీ చదివాను. నాదొక అనుభవం.

మా ఆయన ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. ఆరేళ్లు అక్కడే ఉన్నాం, పిల్లలు అక్కడే పెరిగారు. మా పెద్దమ్మాయి ఒకరోజు నా మెడలో పగడాల దండ పట్టుకుని, "అమ్మా, ఇవి కూడా ఒకప్పుడు బతికున్నాయా" అని అడిగింది. పత్తర్‌గట్టీలో ముత్యాలతో పాటు కొన్న దండ. నాకు జవాబు తెలియలేదు. తర్వాత తెలుసుకున్నాను, అవి మధ్యధరా వైపు సముద్రంలో దొరికే ఎర్ర పగడం, దిబ్బలు కట్టే రకం కాదు. కానీ అవును, బతికున్నవే. ఆ దండ నేను మళ్లీ వేసుకోలేదు. పిల్లల్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్తే ఇలాంటి ప్రశ్నలు వస్తాయి, అందుకోసమైనా తీసుకెళ్లాలి.

మియాపూర్ అమ్మాయీ, ఎక్కడికి వెళ్తున్నావో చూసుకుని బోటు సంగతి తేల్చుకో తల్లీ. జాలీ బాయ్‌కి మేం ఉన్నన్నాళ్లూ అందరితో కలిసి వెళ్లడమే, నీకు కావాలన్నా విడిగా కుదరదు. సోమవారం సెలవు. అది మూసిన నెలల్లో రెడ్ స్కిన్ దీవి తెరుస్తారు. జనవరిలో నీకు జాలీ బాయే. వండూర్ బీచ్‌లో మాత్రం పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు, ఆ చుట్టుపక్కల మొసళ్లు తిరుగుతాయి, బోర్డులు ఉంటాయి చూడు. నార్త్ బే అయితే పోర్ట్ బ్లెయిర్ ఊరికి దగ్గర, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అక్కడిదే. జనం ఎక్కువ. హావ్‌లాక్‌లో, అదే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, ఎలిఫెంట్ బీచ్ వైపు అయితే విడిగా పడవ మాట్లాడుకోవచ్చు.

జనవరిలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. పొద్దెక్కాక, ఎండ నిటారుగా పడేటప్పుడు కింద బాగా కనిపిస్తుంది. టీవీలో చూసినంత రంగులు ఉండవని బాబుకి ముందే చెప్పు. నీళ్లు ఎరుపుని ముందు మింగేస్తాయి, అద్దంలోంచి చూస్తే చాలా భాగం గోధుమ, నీలం రంగుల్లోనే ఉంటుంది. చెప్పకపోతే పిల్లలు ఏదో మోసం జరిగినట్టు మొహం పెడతారు.

మీ అత్తయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఊగే పడవలోకి జెట్టీ మీంచి దిగడం నాకే కష్టమయ్యేది. ప్రైవేట్ పడవ అయితే చెయ్యి పట్టుకుని నిదానంగా దించుతారు, వెనకాల ఎవరూ తొందరపెట్టరు. ఈ సంగతి ఇక్కడ ఎవరూ అనలేదు.

ఉప్పల్ ఈత మాస్టారు

వాంతుల గురించి ఒక మాట. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకే పడవలో ఇలా కడుపులో తిప్పడం ఎక్కువ. పొద్దున్నే పూరీలు పెట్టొద్దు, రెండు ఇడ్లీలు చాలు. కిందికి చూసే ముందూ తర్వాతా దూరంగా, నీళ్లూ ఆకాశం కలిసే చోట చూడమనండి. మాత్ర వెయ్యాలంటే పిల్లల డాక్టర్‌ని అడిగే వెయ్యండి.

బాబు స్నార్కెలింగ్, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటం, చేస్తానంటే మాస్క్‌ని ఇక్కడే అలవాటు చెయ్యండి. పట్టీ పెట్టకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చమనండి. చేతులు తీసేసినా మాస్క్ పడిపోకుండా ఉంటే అది వాడిది. బాత్రూమ్‌లో టబ్ నింపి, మొహం ముంచి, నోటితో ఊపిరి తీసుకోవడం వారం రోజులు ఆడిస్తే అక్కడ టెన్షన్ పడడు.

మియాపూర్ అమ్మ

అందరికీ దణ్ణాలు. రాత్రి మా వారికి ఇదంతా చదివి వినిపించాను. అమ్మమ్మగారు మోకాళ్ల గురించి అడిగారు చూడండి, అక్కడ ఆయన ఆగిపోయారు. అత్తయ్యకి పోయిన వేసవిలోనే కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మాకు తట్టనే లేదు.

స్వరాజ్ ద్వీప్‌లో ఒక పూట విడిగా పడవ మాట్లాడుకుంటున్నాం. టీచర్‌గారూ, ఫోన్‌లో మొదట అడిగింది లంగరు గురించే. ఒకాయన "అవన్నీ మీకెందుకమ్మా" అన్నాడు, అక్కడే పెట్టేశాను. ఇంకొకాయన, ఇసుక ఉన్న చోటే వేస్తాను, లేదంటే తేలే బోయాకి కడతాను అన్నాడు. ఆయన్నే ఖాయం చేశాం. బ్రెడ్ వద్దని కూడా చెప్పేశాను. సన్‌స్క్రీన్ బదులు పిల్లలకి పొడుగు చేతుల ఈత బట్టలు కొంటున్నాం. జాలీ బాయ్‌కి బాబూ, వాళ్ల నాన్నా మాత్రం అందరితో కలిసి వెళ్తారు.

మలక్‌పేట టీచర్

లంగరు అడిగినందుకు థాంక్సమ్మా. సన్‌స్క్రీన్ సంగతి చెప్పాలనుకుంటూనే మర్చిపోయాను. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌లు హవాయిలో 2021 నుంచి అమ్మనివ్వడం లేదు, పగడాలకి చేటు అని. బట్టలే మంచిది. ప్రైవేట్ బోట్లు పెరగకూడదన్న నా మాట మాత్రం మారలేదు. మీ బాబు తిరిగొచ్చాక ఏం చూశాడో మా ఏడో క్లాసు పిల్లలకి రెండు ముక్కలు రాసి పంపిస్తాడా?

మియాపూర్ అమ్మ

తప్పకుండా టీచర్‌గారూ. ఇప్పట్నుంచే నోట్‌బుక్ పెట్టాడు, మొదటి పేజీలో ఆ క్లౌన్‌ఫిష్ బొమ్మ వేశాడు.

మాస్టారూ, పాప బరువు 14 కిలోలు. షాపులో రెండు సైజులు చూపించారు, పెద్దది తీసుకుంటే వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది అంటున్నారు.

ఉప్పల్ ఈత మాస్టారు

వద్దమ్మా. 14 కిలోలకి సరిపోయేదే కొనండి. వచ్చే ఏడాదిది వచ్చే ఏడాది చూసుకుందాం. షాపులోనే తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని లాగి చూడండి.