వింగ్ రూట్ ఫెయిరింగ్‌లు స్క్రూల దగ్గరే పగులుతున్నాయి, కొత్తవి దేంతో చేయాలి?

తోకచక్రం:
అందరికీ నమస్కారం. నాది కిట్ నుంచి కట్టిన అల్యూమినియం లో-వింగ్ (రెక్క కింది భాగంలో ఉండే) టూ సీటర్ విమానం. కట్టినాయన దగ్గర కొన్నాను కాబట్టి ఎక్కడ ఏం చేశాడో పూర్తిగా తెలీదు. రెక్క మొదటికీ (రూట్) ఫ్యూజ్‌లాజ్‌కీ (విమానం బాడీకి) మధ్య సందుని కప్పే ఫెయిరింగ్‌లు ఫైబర్‌గ్లాస్‌వి, రెండు వైపులా పగుళ్లొచ్చాయి. అన్నీ స్క్రూ రంధ్రాల నుంచే మొదలవుతున్నాయి, అది కూడా వెనక సగంలో, ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలక) దగ్గర. ముందు సగం చెక్కుచెదరలేదు. ఇదివరకే ఎవరో లోపలి నుంచి క్లాత్ వేసి ప్యాచ్ చేశారు, ఆ ప్యాచ్ అంచునే మళ్లీ పగిలింది. ఫెయిరింగ్ అంచు తగిలే చోట ఫ్యూజ్‌లాజ్ పెయింట్ అరిగి అల్యూమినియం బయటపడింది. ఇంకొంచెం మందంగా ఫైబర్‌గ్లాస్‌తోనే చేయాలా, రేకుతో చేయించాలా? కార్బన్ అయితే తేలిక, గట్టి అని ఇంకొకరు అంటున్నారు. తలా ఒక మాట, నాకు టెన్షన్.

రివెట్ బాబాయ్:
మందం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి చూసి చెప్పండి, స్క్రూలు రెక్కకి మాత్రమే ఉన్నాయా, వెనక భాగంలో ఫ్యూజ్‌లాజ్‌కి కూడా కొట్టారా? మీరు చెప్పిన లక్షణాలకి నా అనుమానం అదే. గాల్లో రెక్క పైకి వంగుతుంది, నేల మీద నడిపేటప్పుడు (టాక్సీ) కిందికి ఊగుతుంది. రూట్ దగ్గర ఆ కదలిక చాలా కొద్దిదే, కానీ ఫ్యూజ్‌లాజ్ రేకు ఇంజిన్ అదురుకి తన దారిన తను కదులుతుంటుంది. రెండింటికీ కలిపి బిగించిన పల్చటి ఫెయిరింగ్ మధ్యలో నలిగిపోక ఏం చేస్తుంది? ప్యాచ్ పక్కనే పగలడం కూడా అందుకే, గట్టిపడిన చోటు వంగదు కాబట్టి వంపంతా దాని అంచు మీద పడుతుంది. అందుకే ఇంకా మందంగా చేస్తే పగులు ఇంకోచోట వస్తుందే తప్ప పోదు.

బిగింపు రెక్క వైపే ఉండాలి. ఫ్యూజ్‌లాజ్ వైపు అంచుకి రబ్బర్ సీల్ తొడిగి అది రేకు మీద జారేట్టు వదిలేయాలి. సీల్ ఆనే దారిలో బేర్ మెటల్‌ని శుభ్రం చేసి, తుప్పు గుంటలు పడ్డాయేమో గోరుతో తడిమి చూసి, ప్రైమర్, పెయింట్ అయ్యాక రాపిడిని ఆపే పల్చటి పాలిథిన్ యాంటీ-చేఫ్ టేప్ అతికించండి. సీల్ వెనక చివర, అన్నిటికంటే కిందున్న చోట, నీళ్లు పోయే సందు ఉంచడం మర్చిపోవద్దు.

ఎపాక్సీ చేతులు:
బాబాయ్ చెప్పింది నిజమైతే ఫైబర్‌గ్లాసే హాయి. రెండు దిక్కుల్లో వంపున్న ఆకారాన్ని రేకులో తీయడం అందరి వల్లా కాదు. మౌల్డ్ కోసం వెతక్కండి, మీ విమానమే మౌల్డ్. రెక్క మీదా ఫ్యూజ్‌లాజ్ మీదా బ్రౌన్ ప్యాకింగ్ టేప్ ముడతల్లేకుండా వేసి పైన వ్యాక్స్ రుద్దండి. రబ్బర్ సీల్ ఎంత మందమో అంత మందం అట్టముక్క ఫ్యూజ్‌లాజ్ వైపు ముందే అతికించాలి, లేదంటే చివర్లో సీల్‌కి చోటుండదు, అంచంతా మళ్లీ రుద్దాలి. మూలలో మోడలింగ్ క్లే పెట్టి గుండ్రంగా తీయండి. థర్మోకోల్ వాడితే మాత్రం పాలిస్టర్ రెజిన్ జోలికి పోవద్దు, దాన్ని కరిగించేస్తుంది, ఎపాక్సీ అయితే ఏమీ చేయదు. క్లాత్‌ని 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరిస్తే వంపుల మీద చెప్పినట్టు వింటుంది. చదరపు మీటరుకి 200 గ్రాముల క్లాత్ మూడు పొరలు, స్క్రూలు వచ్చే దారిలో ఇంకో పట్టీ, పైన పీల్ ప్లై (గట్టిపడ్డాక ఊడదీసేసే గుడ్డ). పట్టీ అంచులు మెట్టులా ఆగకుండా పల్చబడుతూ పోవాలి, మీ పాత ప్యాచ్‌లో లేనిది అదే.

రెజిన్, హార్డెనర్ కంటితో కొలవకుండా త్రాసులో తూచి కలపండి. గాలిలో తేమ ఎక్కువుంటే గట్టిపడ్డాక పైన జిడ్డు పొర తేలొచ్చు, ముందు నీళ్లతో కడిగి ఆ తర్వాతే శాండింగ్. ముదురు రంగు కూడా వద్దు, మామూలు వేడికి గట్టిపడే ఎపాక్సీ ఎండలో నల్ల పెయింట్ కింద మెత్తబడుతుంది.

డ్రిల్ జాగ్రత్త:
మీరడిగిన కార్బన్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, వద్దు. అల్యూమినియానికి నేరుగా తగిలి తేమ చేరితే అల్యూమినియమే తినేయబడుతుంది, మధ్యలో గ్లాస్ పొర ఉండి తీరాలి. దగ్గర్లో యాంటెన్నా ఉంటే దానికీ అడ్డం. ఇంత చిన్న ముక్కలో మిగిలేది కొన్ని గ్రాములు.

అసలు భయం డ్రిల్‌తో. చాలా లో-వింగ్ హోంబిల్ట్‌లలో (సొంతంగా కట్టుకున్న విమానాల్లో) ఇంధన ట్యాంక్ రూట్ నుంచే మొదలవుతుంది. బిట్‌కి స్టాప్ కాలర్ (ఎక్కువ లోతు పోకుండా ఆపే రింగు) లేకుండా అక్కడ రంధ్రం వేయొద్దు, వీలైతే పాత నట్‌ప్లేట్‌లనే (రేకు వెనక బిగించిన నట్లు) వాడుకోండి. ఫెయిరింగ్ ఊడదీసినప్పుడే ఫ్యూయల్ లైన్ జాయింట్, వెంట్ లైన్, ఇంధన మట్టం చెప్పే సెండర్ వైరు టార్చ్ వేసి చూడండి, నీలం లేదా ఆకుపచ్చ మరక కనిపిస్తే అది పాత ఇంధన లీకు. కొత్తది పెట్టాక ఫ్లాప్ పూర్తిగా దించి, ఎత్తి, వెనక మూల ఎక్కడా రాసుకోవట్లేదని చూశాకే మిగతా స్క్రూలు.

తోకచక్రం:
బాబాయ్, మీ అనుమానం కరెక్టే. వెనక సగంలో ఫ్యూజ్‌లాజ్‌కి రివ్‌నట్‌లు (రివెట్‌లా రేకులో బిగిసే నట్లు) వేసి బిగించారు, ముందు సగంలో లేవు. ఫైబర్‌గ్లాస్ ఖాయం చేశాను. ఇంకో సంగతి, పాత ఫెయిరింగ్ ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు) దగ్గర కోసేసినట్టు ఆగిపోతుంది, స్పీడ్ తగ్గిస్తే తోకలో సన్నగా అదురు తెలుస్తుంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

రివెట్ బాబాయ్:
ఉండొచ్చు. వెనక్కి పోయేకొద్దీ రెక్క పైభాగం కిందికి వాలుతుంది, ఫ్యూజ్‌లాజ్ సన్నబడుతుంది, అంటే ఆ మూల వెడల్పవుతూ పోతుంది. గాలి అక్కడ నెమ్మదించి రేకుని వదిలేస్తుంది, ఆ సుడులు పోయి తోకకి తగులుతాయి. 1930ల మొదట్లో నార్త్రప్ ఆల్ఫా విమానం మోడల్‌ని అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయం విండ్ టన్నెల్‌లో పెట్టి చూసినప్పుడు మూల పూడ్చడమే మందయింది. కాబట్టి గుండ్రం ముందు చిన్నదిగా మొదలై వెనక్కి పెద్దదవుతూ, ట్రెయిలింగ్ ఎడ్జ్ దాటి కొంచెం సాగి సన్నబడాలి.

ఊహించడం కన్నా చూడటం మేలు. జానెడు ఊలు దారం ముక్కలు రూట్ చుట్టూ టేప్‌తో అతికించి కెమెరా పెట్టి, బాగా ఎత్తులో మెల్లగా స్పీడ్ తగ్గించండి, ఎక్కడ గాలి వదిలేస్తుందో దారాలు తిరగబడి చూపిస్తాయి. కొత్తవి పెట్టాక స్టాల్ (స్పీడ్ మరీ తగ్గి రెక్క ఎత్తే బలం కోల్పోవడం) మారొచ్చు, ఆ అదురే మీకు ఇప్పటిదాకా హెచ్చరిక అయ్యుండొచ్చు, అది పోతే స్టాల్ చెప్పాపెట్టకుండా రావచ్చు. కొత్త విమానంలా ఎత్తులో మళ్లీ పరీక్షించుకోవాల్సిందే. ఎడమవైపు తీసిన అట్ట టెంప్లేట్‌నే తిరగేసి కుడివైపు వాడండి, రెండూ తేడాగా ఉంటే స్టాల్‌లో ఒక రెక్క ముందుగా కిందికి పడిపోవచ్చు.

రివ్‌నట్‌లు పీకిన రంధ్రాలు రివెట్‌లతో మూసేయండి, లేకపోతే ఆ సందుల్లోంచి ఎగ్జాస్ట్ వాయువు క్యాబిన్‌లోకి దూరొచ్చు. బరువు తేడా లాగ్‌బుక్‌లో రాసుకోండి.