వర్చువల్‌బాక్స్‌లో ఆకుపచ్చ తాబేలు గుర్తు పోవాలంటే ఏం చేయాలి?

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్‌లోనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి ఉబుంటు లినక్స్ నడుపుతున్నాను. మొత్తం ర్యామ్ 16 జీబీ. అందులో ఉబుంటుకు 6 జీబీ, నాలుగు కోర్లు ఇచ్చాను. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లోనే ఉంది, కాబట్టి దయచేసి ఆ సలహా వద్దు.

అయినా నత్తనడకే. టెర్మినల్‌లో అక్షరం నొక్కితే అది తెర మీదికి వచ్చేదాకా ఎదురుచూడాలి. విండోను పక్కకు లాగితే ముక్కలు ముక్కలుగా కదులుతుంది. గెస్ట్ అడిషన్స్ (ఉబుంటు లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు) వేశాను, తెర పరిమాణం సరిగ్గానే మారుతోంది. అడుగున కుడివైపు మాత్రం ఆకుపచ్చ తాబేలు కూర్చుంది (ఆ గుర్తు ఎంచుకున్నవారికి హాస్యం బాగా తెలుసు). ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని విండోస్ సొంత వర్చువలైజేషన్ వ్యవస్థ అయిన హైపర్-వి ముందే తన చేతిలోకి తీసుకుంటే ఇది కనిపిస్తుందని అర్థమైంది. విండోస్ ఫీచర్లలో హైపర్-వి టిక్కు తీసేసి రీస్టార్ట్ చేశాను. తాబేలు కదల్లేదు.

ఇక నా అనుమానం మెమరీ ఇంటెగ్రిటీ (విండోస్‌లోని ఒక భద్రతా సౌకర్యం) మీద, డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) మీద; ఇవి కూడా లోపల హైపర్-వి మీదే ఆధారపడతాయి. రెండోది నాకు రోజూ కావాలి. దాన్ని ఉంచుకుంటూనే వేగం రాబట్టే మార్గం ఉందా? మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే భద్రతకు ఎంత ముప్పు? ఇదంతా కాదని ఉబుంటును హైపర్-విలోకే మార్చుకుంటే మేలా? అలాగైతే ఇప్పుడున్న వీడీఐ డిస్కును (వర్చువల్‌బాక్స్ డిస్కు ఫైలు) హైపర్-వి చదివే వీహెచ్‌డీగా మార్చి వాడినవారు ఉంటే, బూట్ దగ్గర ఇబ్బంది వచ్చిందో లేదో చెప్పగలరు.