బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దగ్గర పల్లె. ఊళ్లోకి భగీరథ నల్లా వస్తుంది కానీ మేము ఆరేళ్లుగా చేను దగ్గర ఇల్లు కట్టుకుని ఉంటున్నాం, అక్కడిదాకా పైపు లేదు. తాగడానికి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటాం, వంటకు బోరు నీళ్లే. క్యాన్ అయిపోయిన రోజు అవే కాచి తాగుతాం. బాబుకి ఏడేళ్లు, కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద అడ్డంగా పసుపు గీతలున్నాయి, ఎంత తోమినా పోవట్లేదు. పాపకి రెండేళ్లు. కాచితే దోషం పోతుందని మా అత్తమ్మ అంటుంది, కానీ ఆమెకే మెడ తిరగదు, కూర్చుంటే లేవలేదు. పాప గురించే నాకు టెన్షన్.

నీటి పరీక్షల్లో పనిచేసినవాణ్ణి:
అమ్మా, కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. పటిక బిళ్ల తిప్పి తేర్చినా చాలదు. మీ జిల్లా పేరుతోనే నల్గొండ పద్ధతి ఒకటుంది, 1970లలో నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరుస్తారు, కానీ ఎంత వేయాలో నీటిని పరీక్షించాకే తేలుతుంది, ఇంట్లో అంచనాగా చేయొద్దు.

అసలు తప్పు వంట దగ్గర జరుగుతోంది. అన్నం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి, అంటే తాగడం మానినా రోజూ తింటున్నారు. వంటకూ మంచి నీళ్లే వాడండి.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఫ్లోరైడ్ గ్రానైట్ రాళ్లలోంచే నీటిలోకి దిగుతుంది కాబట్టి ఒక్కో బోరుకు ఒక్కో లెక్క, పక్క చేనువాళ్లది బాగుంటే మీదీ బాగుందనుకోవద్దు. ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇవ్వండి. క్యాన్ నీళ్లు కూడా ఇవ్వండి, ప్లాంట్‌లో నీటిని వడకట్టే పొర పాడైతే ఫ్లోరైడ్ సరిగా ఆగదు.

పళ్ల డాక్టర్:
బాబు పళ్లను గట్టిగా తోమించకండి, అది పైన పట్టిన మరక కాదు, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చ. పెద్దయ్యాక పైపూత వేయించుకోవచ్చు. పాప సంగతి తొందరగా చూడాలి, తనకు ఆరేడేళ్లకు వచ్చే ముందు పళ్లు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి, ఈ రెండు మూడేళ్లు నీళ్లు మారిస్తే చాలా తేడా ఉంటుంది. పేస్టు బియ్యపు గింజంతే పెట్టి, మింగకుండా చూడండి. టీ అస్సలు పట్టొద్దు, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

కనిగిరి రైతు:
అక్కా, మాది పాత ప్రకాశం జిల్లా. 1937లో ఈ ఫ్లోరైడ్ జబ్బు (ఫ్లోరోసిస్) గురించి మన దేశంలో మొదట రాసిన డాక్టర్లు చూసింది మా వైపు ఊళ్లనే, అప్పట్లో ఇది నెల్లూరు జిల్లా. మా నాన్నకు కీళ్లవాతమని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలే ఇచ్చారు, ఎక్స్‌రే తీసేసరికి వెన్నుపూస బిగుసుకుపోయింది, ఇప్పుడు నడుము నిటారుగా నిలబడదు. మీ అత్తమ్మకు వెన్ను, ముంజేయి ఎక్స్‌రే తీయించండి, ఏ నీళ్లు తాగుతున్నారో డాక్టర్‌కి ముందే చెప్పండి. బిగిసిన ఎముక మళ్లీ మామూలు కాదు గానీ ఇంకా ముదరకుండా ఆపొచ్చు. పాలు, పెరుగు, ఉసిరి బాగా పెట్టండి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూశారు, అయితే ముందు నీళ్లు మార్చాలి, తర్వాతే పులుసు.

ఇద్దరు పిల్లల అమ్మ:
వంట సంగతి ఎవరూ చెప్పలేదండీ, ఇన్నాళ్లూ పాపకి ఆ నీళ్లతోనే మెత్తగా అన్నం వండి పెట్టాను, చాలా బాధగా ఉంది. రేపటి నుంచి ఊళ్లో నల్లా నీళ్లు బండి మీద రెండు బిందెలు తెస్తానన్నారు మా ఆయన. మరి స్నానాలకు, బట్టలకు?

నీటి పరీక్షల్లో పనిచేసినవాణ్ణి:
వాటికి బోరు నీళ్లు వాడుకోండి, చర్మంలోంచి ఎక్కదు. పాప స్నానం చేస్తూ మింగకుండా చూడండి చాలు. ల్యాబ్ కాగితం రాగానే అంకె ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.